అడ్డం రాకుండా

పశువుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా
పట్టుకోవడమే నా ఉద్యోగం.
డాక్టరు గారు సూది పొడుస్తారు,
నేను ఒడిసి పట్టుకుంటాను.
గేదెకైతే ముక్కుతాడు, మేకకైతే కొమ్ములు,
కుక్కకైతే చెవుల వెనక అరచెయ్యి,
"అయిపోయిందమ్మా, అయిపోయింది" అనే అబద్ధం.

మా కెజియాకి ఆ చెయ్యి వచ్చింది.
మొహం వాళ్ళమ్మది.

కుక్క మాది కాదు.
మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే
రామకోటయ్య గారి డాబర్‌మాన్, పేరు సుల్తాన్.
దాని కాగితాల్లో అయిదు తరాల పేర్లున్నాయి.
నాకు మా తాత పేరు వరకే తెలుసు.

తెల్లారి బడికి ముందు
పట్టాభిపురం సందులో సున్నంతో గీసిన త్రికోణం మీద
ఇద్దరూ పరుగు.
తాడు ఎడం చేతిలో. జడ్జి అటు పక్కకొస్తే కుడి చేతికి.
జడ్జికీ కుక్కకీ నడుమ పిల్ల ఎప్పుడూ రాకూడదు.
జడ్జిని నేనే,
మెడలో తువ్వాలు, చేతిలో టీ గ్లాసు.
"అడ్డం వచ్చావ్" అంటే నాలిక కరుచుకునేది.
మళ్ళీ మొదట్నించి,
పాలవాడి బండి గీతని తొక్కేసే దాకా.

ఫిబ్రవరిలో ఆదివారం, కాలేజీ గ్రౌండు.
షామియానా పక్కన కార్లలోంచి ముందు కుక్కలు దిగాయి,
తర్వాత పిల్లలు.
బెజవాడ నుంచి కోటూ టై కట్టిన అబ్బాయి, బీగిల్‌తో.
తెనాలి నుంచి తొమ్మిదేళ్ళది,
తన భుజమంత ఎత్తు కుక్కని దువ్వెనతో దువ్వుతూ.
మాదానికి క్రిస్మస్‌కి కుట్టించిన నీలం చుడీదారు,
చేతికి రబ్బరు బ్యాండుతో నంబరు పదిహేడు,
జేబులో ఉడకబెట్టిన కార్జం ముక్కలు.
గుడి మానిందని వాళ్ళమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు.
ఆ జేబు కుట్టింది మాత్రం ఆవిడే.

ఈ పోటీలో కుక్కని చూడరట,
పట్టుకున్న చేతిని చూస్తారట.
తాడు అవతల నిలబడి ఆ రోజే విన్నాను.

కాళ్ళు నాలుగూ సర్ది నిలబెట్టిందో లేదో
యార్డు వైపు నుంచి గాలి మళ్ళింది.
గుంటూరోళ్ళకి అది ఉత్త గాలే.
సుల్తాన్ తుమ్మింది.
మళ్ళీ తుమ్మింది.
మూడోదానికి కాళ్ళు నాలుగు దిక్కులకి పోయాయి.
కెజియా తాడు గుంజలేదు, తిట్టలేదు.
మోకాళ్ళ మీద కూర్చుని
చున్నీ కొసతో దాని ముక్కు తుడిచి
ఇంకోటి వస్తుందేమోనని ఆగింది.
వచ్చింది.
అప్పుడు సర్దింది కాళ్ళు.

జడ్జి తెల్లజుట్టు పెద్దావిడ, బెంగుళూరు.
పళ్ళెన్ని అని ఇంగ్లీషులో అడిగింది.
"నలభై రెండండీ, పైన ఇరవై, కింద ఇరవై రెండు"
తెలుగులోనే చెప్పింది మా పిల్ల.
ఎవరో మార్చి చెప్పారు.

తర్వాత, కుక్కల్ని మార్చుకోమంది.

టై అబ్బాయి చేతికి సుల్తాన్ వెళ్ళింది.
వెళ్తూ మెడ వెనక్కి తిప్పి చూసింది.
కెజియా చూడలేదు.
అలా చూడకుండా ఉండటం
నేనెప్పుడూ నేర్పలేదు.
కొత్త కుక్క గజగజ వణుకుతోంది.
దాని చెవుల వెనక అరచెయ్యి పెట్టి
ఏదో అంది.
అంత దూరం నుంచి మాట వినపడదు,
పెదాలు కనపడతాయి.
నా అబద్ధమే.

మొదటిది తెనాలి పిల్లకి. మాకు రెండోది.
"కుక్కకేం రాలేదా?" అన్నారు రామకోటయ్య గారు,
సుల్తాన్‌ని ఏసీ కారెక్కిస్తూ.
లేదండీ, ఇది పిల్లల పోటీ అన్నాను.

స్కూటరు మీద నా వీపుకీ దాని పొట్టకీ మధ్య కప్పు.
పద్దెనిమిది నిండితే ఇందులోకి రానివ్వరంట నాన్నా, అంది.
ఇంకా అయిదేళ్ళుందిగా అన్నాను.
సుల్తాన్‌కి ఇప్పుడే ఆరు, అంది.
బ్రిడ్జి దాకా ఇద్దరం మాట్లాడలేదు.

రాత్రి వాళ్ళమ్మ చుడీదారు నానబెడుతూ
జేబులో మిగిలిన ముక్కలు తీసి
వాకిట్లో వీధి కుక్కకి వేయమంది.
గడప మీద నేను కూర్చుని ఉన్నాను.
ముక్కలు వేసి, నా వైపు చూసి,
కెజియా ఒకడుగు పక్కకి జరిగింది,
అది తినడం నాకు కనపడేలా.