కాజాలు

మంగళవారం పదీ ఇరవైకి
ఒర్సోలా కాలిగోళ్ళు తీయడానికి వెళ్తాను.
ఇరవై రెండు నిమిషాలు. ఏజెన్సీ ఇచ్చేది అంతే.
గుమ్మం దాటగానే ఫోను తనంతట తనే లెక్క మొదలెడుతుంది.
ఆమెకి తొంభై ఆరు.
గోరువెచ్చటి నీళ్ళలో ఆ పాదాలు
తడిసిన పాత ఉత్తరాల్లా మెత్తబడతాయి,
గట్టిగా పట్టుకోవడానికి భయం.

ఆవేళ నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు థాడియస్,
యంగ్స్‌టౌన్ హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు చరిత్ర చెప్పినవాడు.
గురువారం లైబ్రరీలో చర్చట.
చేతిలో లక్షణాల పట్టిక,
పక్కన టిక్కులు, రెండుచోట్ల ప్రశ్నార్థకం.
"నువ్వు దాన్ని కళ్ళారా చూసినదానివి.
ఇది ఫాసిజమేనా?
అవునో కాదో, ఒక్క మాట చెప్పు చాలు."

ఆమె నీళ్ళలో వేళ్ళు కదిపింది.

"పదకొండేళ్ళప్పుడు, ఉదీనేలో,
మా అత్త కొట్లో నల్లచొక్కాలకి కాజాలు కుట్టేదాన్ని.
చొక్కాకి ఏడు. కాజాకి ఇరవై కుట్లు.
పని శుభ్రంగా ఉందని ఒకాయన చాక్లెట్ ఇచ్చాడు.
తిన్నాను.
నేను పుట్టకముందు మా నాన్న నోరు తెరిచి
ఆముదం పోసింది ఆయనేనని తర్వాతెప్పుడో తెలిసింది.
చాక్లెట్ మాత్రం తియ్యగానే ఉండింది.
అదీ రాసుకో నీ పట్టికలో."

థాడియస్ రాసుకోలేదు.
"ఇక్కడ నల్లచొక్కాలు లేవు కదా" అన్నాడు,
"బాల్కనీ లేదు. ఓటుంది. పేపరుంది.
రాత్రి గవర్నర్ని నోరారా తిట్టి
హాయిగా నిద్రపోయాను."
ఆగాడు.
"కానీ మనం బూట్లు కొనుక్కున్న ఆ మాల్లో
ఇప్పుడు మనుషుల్ని ఉంచుతున్నారు.
తలకి రోజుకింతని కంపెనీకి బిల్లు.
ఆ కంపెనీ వాటాలు నా పింఛను నిధిలో ఉన్నాయట,
మొన్నే ఉత్తరం వచ్చింది.
లాభం బాగుందని."

నన్నెవరూ అడగలేదు.
అడిగితే చెప్పేదాన్ని:
గవర్నర్ని నేనూ తిట్టగలను,
దేశాధ్యక్షుణ్ణి తిట్టినా నా ఇంటికెవరూ రారు.
మా షెడ్యూలు వేసే బ్రెంట్‌ని తిట్టలేను.
మా కెల్విన్ గోదాములో మణికట్టుకి కట్టుకునే ఆ డబ్బా
వాడెన్నిసార్లు బాత్రూముకెళ్ళాడో చెప్తుంది.
ఎవరికి చెప్తుందో వాడికీ తెలీదు.
పుట్టి, పళ్ళొచ్చి, కరవడం నేర్చినదానికి
వీళ్ళింకా పేరు కోసం పంచాంగం తిరగేస్తున్నారు.

అడగలేదు. కుడికాలు తుడిచాను.
తొమ్మిది నిమిషాలు, అంది ఫోను.

ఒర్సోలా సొరుగులోంచి టేపు తీయించుకుంది.
థాడియస్‌ని వంగమని, భుజాల మీదుగా పట్టి చూసింది.
"నలభై నాలుగు. మా నాన్నవి ముప్ఫై ఎనిమిది.
ఆయన కోటు నీకు తొడిగితే పిగిలిపోతుంది.
కోటు పట్టలేదని
నీకు ఒళ్ళే లేదంటానా?"

"అంటే, అవునా?"

"కొత్త కొలతలు తీసుకోమంటున్నా.
మేం కుట్టినదాని కుట్లు బయటికి కనపడేవి.
దీనికి ఎక్కడ అతుకేశారో
నా కళ్ళకి ఆనడం లేదు. ముసలిదాన్ని.
నువ్వు చూడు. ఈ పిల్లనడుగు."

ఇద్దరూ నావైపు తిరిగారు.
సరిగ్గా అప్పుడే మోగింది.

తువ్వాలు మడిచాను, కత్తెర సర్దుకున్నాను.
కారులో కూర్చున్నాక
ఫోను తెరమీద రోజూ వచ్చే ప్రశ్నే వచ్చింది:
పని పూర్తయిందా? అవును. కాదు.
కాదంటే కారణం రాయాలి,
రాస్తే సగం కూలి.

అవును నొక్కాను.
ఎడమకాలివి మూడు గోళ్ళు
అలాగే ఉన్నాయి.