బ్రాకెట్

జాబితా నాలుగోసారి టైపు చేస్తా ఉండాను.
చిత్తూరు పెద్దాసుపత్రి, మేడమీది ఆఫీసు రూము.
రెసిడెంటు పోస్టులు ఆరు, పేర్లు నలభై ఒకటి.
మార్కుల వరసలో ఆమెది మూడో పేరు.
లోపలికి పోయొచ్చిన ప్రతిసారీ
రెండు మెట్లు కిందికి దిగుతా ఉంది.

యాదమరి మునిరేఖ.
పక్కన బ్రాకెట్లో ఫారిన్ అని పెట్టమన్నారు.
బిష్కెక్ అని కొట్టబోతే
"ఊరి పేరెందుకయ్యా, ఆ మాట చాలు" అన్నారు.

చాలు.
మంచులో ఆరేళ్ళు,
పరాయి భాషలో శవం పక్కన నిలబడి బట్టీపట్టిన నరాల పేర్లు,
తిరిగొచ్చి రాసి, తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కిన పరీక్ష,
జీతం చేతికందని ఏడాది రాత్రి డ్యూటీలు,
అన్నీ రెండు వంకర గీతల నడుమ
కాళ్ళు ముడుచుకోని పడుకుంటాయి.

నేనేం గొప్పోణ్ణి కాదు.
మూడుసార్లు కొట్టినాను. చెయ్యి వణకలేదు.

ఆషాఢంలో ఒక రాత్రి చీటీల కౌంటర్లో నేనే.
బంగారుపాళ్యం మామిడితోట కాపలా మనిషిని
పింజరి కరిస్తే ఆటోలో తెచ్చినారు.
చిగుళ్ళ నుంచి నెత్తురు.
గాజుగొట్టంలో రక్తం తీసి నిలబెట్టి
ఇరవై నిమిషాలు, కదపకుండా, దాన్నే చూస్తా కూచునిందామె.
గడ్డ కట్టలేదు.
మందు ఎక్కించింది.
ఆరు గంటలకు మళ్ళీ గొట్టం, మళ్ళీ ఇరవై నిమిషాలు.
మర్నాడు ఆ మనిషి లేసి కూచుని
టీలో బన్ను ముంచుకోని తిన్నాడు, ఇంకోటి అడిగినాడు.
మేడమ్ ఏ దేశంలో చదివిందని అడగలేదు.

వాళ్ళ నాయన బెల్లం మండీలో కాటా పట్టేవాడు.
పోయిన వారం మా బెంచీ మీద కూచుని
నాతో కాదు, గోడతో అన్నట్టు అన్నాడు:
"నల్లబెల్లమో తెల్లబెల్లమో, ముందు కాటా ఎక్కనీయాల గదా సార్.
తూకం చూడకనే బండి ఎనక్కి తిప్పితే
దాన్ని బేరమంటారా?"
నేను బీరువాలో ఫైలు ఎతుకుతున్నట్టు
చానా సేపు ఎతికినాను.

ఇప్పుడు ఆ మాట చెరిపేసినాను.
గీతలు రెండూ అట్టే ఉంచినాను,
అవి కూడా తీసేసే ధైర్యం గుమాస్తాకి యాడిది?
పొద్దున్నే పెద్దాయన అడుగుతాడు:
ఏమయ్యా, ఈ సందులో ఏముండాల?

ఏం చెప్పాల్నో ఇంకా తెలీదు.
కాగితాన్ని టేబులు మీద పెట్టి
కదపకుండా
చూస్తా ఉండాను.