మడమ గుర్తు

నాకు బంతి తన్నడం రాదు.
సున్నం గీతలు గీస్తాను.
ముప్పై ఏళ్లుగా గుంటూరు కాలేజీల గ్రౌండ్లలో
వెనక్కి వెనక్కి నడుస్తున్న మనిషిని.
ముందుకి నడిస్తే
గీసిన గీతని మన కాలే చెరిపేస్తుంది.
ఇది నేర్పింది మా మేనమామ ఏసురత్నం,
నేర్పి, చిల్లుల రేకు డబ్బా నా చేతికిచ్చి
బీడీ వెలిగించుకున్నాడు.

లక్ష్మీపురం వైపు ఒక ఎయిడెడ్ కాలేజీ ఉంది.
సగం గ్రౌండుని పరీక్షల షెడ్డు మింగింది.
అక్కడ కార్నరు కార్నరులో ఉండదు,
ప్రిన్సిపాలు గారి కారు పక్కన ఉంటుంది.
పీడీ విఠల్ సారు రోజూ సాయంత్రం
వచ్చిన ఏడుగురినే రెండు టీములు చేస్తాడు.
మిగిలిన ఒక్కడు తనే.

బాజీ వాళ్ళ సర్కారు కాలేజీకి ఆ సగం కూడా లేదు.
ఆదివారాలు మిరప యార్డు పక్కన ఖాళీ జాగా,
శనివారం రాత్రి దాకా లారీలు నిలబడిన చోటు.
తెల్లారే చీపురుతో గింజలూ తొడాలూ ఊడ్చి
సున్నం పోస్తాను.
ఎంత ఊడ్చినా గీతలో ఎరుపు తేలుతుంది.
ఫిబ్రవరిలో బంతి కంటే ముందు తుమ్ము పరిగెడుతుంది.
తలతో కొట్టినవాడు
గోలు పడిందో లేదో చూడడు,
కళ్ళు మూసుకుని నీళ్ళ బాటిలు వెతుక్కుంటాడు.

షేక్ బాజీ గోలీ.
వాళ్ళ నాన్న టిక్కీలు మోసే ఆ నేల మీదే
వీడు పడుకుని లేస్తుంటాడు.
ఆట మొదలయ్యే ముందు
రెండు స్తంభాలకీ సరిగ్గా మధ్య నిలబడి
మడమతో నేల మీద ఒక గాటు పెడతాడు.
వెనక్కి తిరిగి చూడక్కర్లేకుండా
ఇల్లెక్కడుందో వాడికి ఆ గాటే చెబుతుంది.

ఈ ఏడు అంతర కళాశాలల పోటీ
అమరావతి రోడ్డు ఇంజినీరింగ్ కాలేజీలో.
అక్కడ నాతో పనిలేదు.
గీతలు గడ్డిలోనే నేసుకొచ్చాయట,
గడ్డి మాత్రం డబ్బాల్లో చుట్టుకొచ్చిందట.
అయినా వెళ్ళాను, బాజీ వాళ్ళ ఆటోలో,
అలవాటుగా సంచిలో రేకు డబ్బా పెట్టుకుని.

వాళ్ళకి కోచి, ఫిజియో, ఐసు పెట్టె.
మనవాళ్ళకి ఒకే కొలత పదిహేను చొక్కాలు.
బాజీ వెళ్ళి స్తంభాల మధ్య నిలబడ్డాడు.
మడమ రాశాడు.
గడ్డి పక్కకి వాలి, మళ్ళీ లేచింది.
ఇంకోసారి రాశాడు.
మళ్ళీ లేచింది.
నా వైపు చూశాడు.

డబ్బా తీశాను. చిటికెడంటే చిటికెడు.
"సున్నం పడితే టర్ఫు పాడవుద్ది పెద్దాయనా,"
వాళ్ళ పీడీ మర్యాదగానే అన్నాడు.
ఆ మాటా నిజమే.

నాలుగు సున్నా.
రెండోది ఎడం పక్క నుంచి పోయింది,
వాడు గోలు అనుకున్న చోటికి ఎగిరాడు,
గోలు మాత్రం
అడుగున్నర అవతల ఉంది.
ఆఖర్లో ఒక పెనాల్టీ పట్టుకున్నాడు.
అప్పటికి సగం మంది టీ దగ్గరున్నారు.

ఆ నలుగులేసినవాళ్ళు తర్వాత వారం బెజవాడ వెళ్ళారు.
విశాఖ పిల్లల చేతిలో ఆరు తిన్నారని విఠల్ సారు చెప్పాడు.
ఆ విశాఖ పిల్లలు ఎక్కడికి వెళ్ళి ఎన్ని తిన్నారో
ఆయనకీ తెలీదు.
నవ్వుదామనుకున్నాను, రాలేదు.
ఎవడి పై మెట్టు వాడికుంది.

మళ్ళీ ఆదివారం. లారీలు కదిలాయి.
పురికొస లాగి, డబ్బా కొడుతూ
వెనక్కి నడుస్తున్నాను.
చేతి వణుకు ఈమధ్య గీతలోకి దిగుతోంది.
వెనక నుంచి బాజీ గొంతు:
"మామా, గోలు గీత వంకర పోతోంది."
"చెరిపి గీస్తాలే."
"వద్దులే, ఉండనీ.
వంకర నేను గుర్తు పెట్టుకుంటా,"
అని తుమ్మి,
ఎర్రమట్టిలోకి
మడమ దించాడు.