పక్క సీటు

చిలోయె దీవిలో ఎండాకాలమంటే
వాన కాస్త మొహమాటపడటం, అంతే.

ఫైర్ స్టేషన్ లోంచి ఎర్ర బండిని రోడ్డు మీదికి తోసి
ఆ జాగాలో నలభై కుర్చీలు వేశాం.
పదకొండు బడి నుంచి తెచ్చినవి.
వాటిలో ఇరుక్కున్న పెద్దవాళ్ళకి
మోకాళ్ళు గడ్డాలకి ఆనుతున్నాయి.
గోడన వేలాడే హెల్మెట్ల మధ్య బ్యానరు:
ఆరో ఏటి ప్రపంచ సాహిత్య పండగ.
ప్రపంచం ఈసారి మూడు దేశాల నుంచి వచ్చింది.
నాలుగో దేశానికి పడవ తప్పిపోయింది.

నేను దుబాసీని.
పొద్దున టూరిస్టులకి పెంగ్విన్లను చూపించిన నోటితోనే
మధ్యాహ్నం నవలల్ని మోస్తాను.
లిథువేనియా నుంచి వచ్చిన గింతారె
తన భాషలో రాస్తుంది, ఇంగ్లీషులో నవ్వుతుంది.
ఆ నవ్వుని స్పానిష్ లో ఏం చెయ్యాలో తెలీక
నేను దగ్గుతాను.

"మీ పని వాసన రాయండి" అంది,
"వాసన అనే మాట లేకుండా. ఇరవై నిమిషాలు."

రేకుల మీద వాన మొహమాటం వదిలేసింది.
రొట్టెలు కాల్చే రెమిహియో నాలుగు పేజీలు నింపాడు.
ఆలిచిప్పల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
నిద్రపోకుండా వచ్చిన ఒర్తెన్సియా నవుయెల్కిన్
గాట్లు పడ్డ వేళ్ళతో కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకుని
ఒకే వాక్యం చదివింది:
"బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే."

ఎవరో నవ్వబోయి ఆగారు.
గింతారె నా వైపు తిరిగింది.
చెప్పాలి. చిన్న వాక్యం, నిఘంటువు అక్కర్లేనిది.
"ఎప్పుడూ" దగ్గర నా గొంతు జారింది.

ఆ బస్సు నాదే.
కడ్డీ పట్టుకుని, ఆ సీటుని చూస్తూ
ఊరిదాకా నిలబడే వెళ్ళాను, ఎన్నిసార్లో.
మూలంలో లేదు కనుక ఆ మాట అనువదించలేదు.

తరవాత ముసలి ఎలెవుతేరియో చెయ్యెత్తాడు:
"మా నాన్న కాలంలో
ఇల్లు నచ్చి, చోటు నచ్చకపోతే
ఇంటినే లాక్కుపోయేవాళ్ళం, దుంగల మీద, ఎడ్లు కట్టి.
పోటు వేళకి నీళ్ళ మీద తేల్చి అవతల గట్టుకి.
కిటికీ అద్దం కూడా పగిలేది కాదు.
కానీ బయల్దేరే ముందు పొయ్యి ఆర్పాలి.
అమ్మా, నీ పుస్తకం మా భాషకి వచ్చేటప్పుడు
పొయ్యి ఎవరు ఆర్పారు? మళ్ళీ ఎవరు రాజేశారు?"

గింతారె చాలాసేపు ఆలోచించి భుజాలెగరేసింది.
దానికి నా అవసరం లేకపోయింది.

అంతలో సైరన్. ఎవరింటి పొగగొట్టమో అంటుకుంది.
సగం క్లాసు కలాలు పడేసి హెల్మెట్లు తగిలించుకుంది.
రాసేవాళ్ళే ఇక్కడ ఆర్పేవాళ్ళు కూడా.
మిగిలినవాళ్ళం సూపు తాగాం.
రెమిహియో నాలుగు పేజీలూ మళ్ళీ చదివాడు.

ఏడున్నర బస్సు.
ఒర్తెన్సియా కిటికీ పక్కన ఉంది.
ఇవాళ నిలబడకూడదనుకుని దగ్గరికి వెళ్ళాను.
సీటు మీద సంచి, తడిసిన గొడుగు,
పండగలో పంచిన నోటుబుక్కు అట్ట.
పుస్తకం ఆమె ఒళ్ళో ఉంది. రాసుకుంటోంది.

"ఖాళీ లేదు" అంది,
తలెత్తకుండా.