అడుగుల లెక్క

నాది ఫ్లెక్సీల దుకాణం, మలక్‌పేట రైల్వే బ్రిడ్జి అవతల.
దేన్ని చూసినా ముందుగాల అడుగులే కనబడతయి నాకు.
పెండ్లి పది బై ఎనిమిది.
దశదినకర్మ ఆరు బై నాలుగు.
లీడర్ పుట్టినరోజుకు కొలత లేదు,
కరెంటు స్తంభం ఎంత ఎత్తుంటే అంత.

ఆ వానాకాలం మూసారాంబాగ్ బ్రిడ్జి కాడ
నా చిన్న కారులకు మూసీ ఎక్కి కూసున్నది,
అడగకుండ లిఫ్టు తీసుకున్న చుట్టం లెక్క.
సుగుణ చెప్పులు చేతుల పట్టుకొని
కాళ్లు సీటు మీదికి ముడుచుకున్నది.
పక్కనుంచి ఒక పెద్ద బండి
నీళ్లను చీర కుచ్చిళ్ల లెక్క జరుపుకుంట పోయింది.
దాని అలకు మా కారు జరంత ఊగింది.
ఆ ఊపే నన్ను షోరూం దాక తోలింది.

"చిప్పు దొరుకుతలేదు సార్" అన్నడు ప్రణీత్,
మెడల టై, మూతికి మాస్కు.
గోరంత చిప్పు లేక కొండంత బండి ఆగిందంట.
"పదమూడు నెలలు. మీ నంబరు రెండొందల పద్నాలుగు."
పదమూడు నెలలకు
కడుపుల పడ్డ బిడ్డ పుట్టి, బోర్ల గూడ పడతది.
"తొందరుంటే, ఒకరు క్యాన్సిల్ చేసుకున్నరు.
తెల్లది. పైన రెండు లక్షలు. రశీదు ఉండదు."
ఇంకో లక్షా పది వేలు సామాన్లకు:
బురద రేకులు, సెంటు సీసా, మెడ దిండ్లు,
ముంగట తల ఊపే వినాయకుడు.
అవి వద్దంటే బండే వద్దన్నట్టంట.
చిప్పు వాళ్ల తాన లేదు గాని
చిప్ప మాత్రం నా చేతిల పెట్టిన్రు.

పాతదన్న కొందామని నాగోలు పోయిన.
రెండేండ్లు తిరిగిన బండి, టైర్లు అరిగినయి,
కొత్తదానికంటె యాభై వేలు ఎక్కువ.
"ఇది ఇయ్యాల్నే తోలుకపోవచ్చు గద" అన్నడు వాడు.
వాని మాటల తప్పు దొరకలే.
అదే నా బాధ.

రాత్రి లెక్క పెట్టిన, బిల్లు పుస్తకం వెనుక.
పొడుగు పదిహేను, వెడల్పు ఆరు. తొంభై అడుగులు.
ఇరవై ఏడు లక్షలు.
అడుగుకు ముప్పై వేలు!
తార్నాకల ఫ్లాటుకు గూడ అంత లేదు,
దానికి బాత్రూములన్న ఉంటయి.
నా ఫ్లెక్సీ అడుగు పన్నెండు రూపాయలు.
అంటే రెండు లక్షల పాతిక వేల అడుగులు గుద్దాలె.
ఎంతమంది పుట్టాలె, ఎంతమంది పోవాలె,
ఎంతమంది గెలవాలె...
సుగుణ లైటు ఆర్పింది.
"చెప్పులు తడవకుంటే చాలు నాకు" అన్నది చీకట్ల.
ఒప్పుకున్నదనే అనుకున్న.
ఇప్పటికీ అడగలే.

డెలివరీ నాడు
బండి మీద ఎర్ర గుడ్డ, కేకు, మనిషంత థర్మాకోల్ తాళంచెవి.
"ఇక్కడ నిలబడున్రి సార్, ఫోటో."
ఎన్క ఫ్లెక్సీ. 'అభినందనలు', పన్నెండు బై ఎనిమిది.
కొసలు చూసిన. రింగులు కొట్టిన తీరు చూసిన.
మా ఖాజా చెయ్యే.
ఆకుపచ్చ జర పసుపుకు తిరిగింది, మా మిషన్ రోగమే.
ఈ షోరూం బిల్లు ఏడు నెలల సంది బాకీ,
పద్దెనిమిది వేల నాలుగొందలు.
"దీంట్ల పట్టుకోరాదు?" అన్న.
"అది మార్కెటింగ్ సార్. మాది సేల్స్."
నవ్వుమన్నడు. నవ్విన.
ఆ ఫోటోల నా పైసలు నా ఎన్కనే ఉన్నయి,
నాలుగు మూలల తాళ్లతోని కట్టి.

గల్లీల మలుపు తిరగలే.
యాదగిరి తన ఇస్త్రీ బండి జరిపిండు, బొగ్గులు రాలంగ.
అద్దాలు చెవుల లెక్క ముడిచి
గోడకు వేలెడు సందుల నిలబెట్టిన.

రాత్రి మబ్బు పట్టింది.
కప్పడానికి దుకాణంల మిగిలిన ఫ్లెక్సీ తెచ్చిన.
'శుభాకాంక్షలు'ల ఒక ఒత్తు ఎగిరిపోయిందని
గిరాకీ వాపసు ఇచ్చిపోయినది.
ఇరవై బై పది. రూపాయి రాలే దాని మీద.
టాపు, బానెట్ మునిగినయి. చక్రాలు బయటనే.

ఇరవై ఏడు లక్షల మీద
ఎవరింటిదో తెల్వని పిల్లగాడు,
మొదటి పుట్టినరోజు, అట్ట కిరీటం,
వానల తడుసుకుంట
నవ్వుతున్నడు.