సీసా బరువు

ఈ నెల నా చేతిలో సిరంజి లేదు,
పరీక్షలకు పట్టుకెళ్లే అట్టలాంటిది ఉంది.
జహ్రాలో, మూడో అంతస్తు మగవాళ్ల వార్డులో
మందుల బండి పక్కన నిలబడి
స్టాకు రాస్తున్నట్టు నటిస్తూ
చేతులు లెక్కపెడుతున్నాను.

రోగిని ముట్టుకునే ముందు ఒకసారి.
సూది గుచ్చే ముందు. రక్తమో చీమో అంటిన తర్వాత.
రోగిని వదిలాక. ఒట్టి మంచం కమ్మీని తాకినా సరే, ఇంకోసారి.
రుద్దుకుంటే టిక్కు, లేకపోతే సున్నా.
పేర్లు రాయకూడదు.
కాగితం మీద చేతులకు పేర్లుండవు.

నాకు మాత్రం తెలుసు.
మణికట్టు దాకా ఎర్రగా పొక్కినవి మారివిక్ చేతులు.
ఉంగరం తియ్యని వేలు బిన్సీది.
పెళ్లయిన ఇరవై రెండో రోజున విమానం ఎక్కిన పిల్ల,
తియ్యమని ఏ నోటితో చెప్పను?
నా చేతుల సంగతంటారా,
గోంగూర పచ్చడి చెంచాతో తింటున్నాను.
వేళ్ల సందుల్లోని పగుళ్లకు కారం తగిలితే
రాజంపేటలో మా అమ్మ గుర్తొచ్చేంత మంట.

మొన్న రాత్రి రెండున్నరకి
తొమ్మిదో మంచం, అబూ ముత్లఖ్, గొంతులో కళ్లె అడ్డుపడి
కళ్లు తేలేశాడు.
ఎనిమిదో మంచం దగ్గర పుండు కడుగుతున్న బిన్సీ
అవే గ్లవ్స్‌తో పరిగెత్తింది.
నేను సున్నా వేశాను.
ఆయనకు ఊపిరి తిరిగొచ్చింది.
అది రాయడానికి గడి లేదు.

నాలుగో రోజు ఆయనకు జ్వరం.
ల్యాబు నుంచి వచ్చిన క్రిమి పేరు
ఎనిమిదో మంచం ఫైల్లో అప్పటికే ఉన్న పేరు.
అది రాయడానికీ గడి లేదు.

నెలాఖరు మీటింగులో తెరమీద తొంభై మూడు శాతం.
చప్పట్లు కొట్టారు, కేకు కోశారు.
తినేముందు ఎవరూ చేతులు కడుక్కోలేదు,
నేనూ.

సీసాలు నింపే రాజలింగం కోరుట్ల దిక్కు మనిషి.
లిఫ్టు దగ్గర నన్ను ఆపి, గొంతు తగ్గించి,
"చెల్లె, నీ కాయితం ఏం జెప్తదో నాకెర్కలే.
సీసా అయితే అబద్ధమాడది.
నువ్వు అట్ట వట్టుకొని నిలవడ్డ వారం
రెండ్రోజులకొకటి ఒడుస్తది.
నువ్వు లేని వారం, పదొద్దులైనా బరువు తగ్గది.
నువ్వు రాంగనే బిన్సీ సిస్టర్ దగ్గుతది, ఇనలేదా?"

విన్నాను.
జలుబనుకుని తులసి టీ కూడా ఇచ్చాను.

కోపం రావాలి కదా, నవ్వొచ్చింది ముందు.
తర్వాత తొమ్మిదో మంచం గుర్తొచ్చి నవ్వు ఆగింది.
మా భాషలో చేతులు దులుపుకోవడం వేరు, కడుక్కోవడం వేరు.
ఆ శాతం కింద నా సంతకం చేసిన రోజు
నేను చేసింది మొదటిది.

అట్ట తిరిగి ఇచ్చేశాను.
బిన్సీని వంటగదిలో కూర్చోబెట్టి
పగుళ్లకు నా వ్యాజలీన్ రాస్తూ
తొమ్మిదో మంచం జ్వరం సంగతి చెప్పాను.
సున్నా సంగతి కూడా.
ఆమె చెయ్యి వెనక్కి లాక్కోలేదు.
చాలాసేపు కిటికీ అవతల దుమ్మును చూసింది.

ఇప్పుడు రాజలింగం ప్రతి సీసా మీదా
స్కెచ్ పెన్నుతో ఒక గీత గీస్తున్నాడు, పక్కన తేదీ.
ఎవరూ చెప్పలేదు, తనకు తానే.

తెల్లవారుజామున నాలుగు గంటలు.
ఎవరూ ఎవర్నీ లెక్కపెట్టని వారం.
తొమ్మిదో మంచం దగ్గర ఆగి సీసా చూశాను.
నిన్నటి గీతకు కింద
వేలెడంత ఖాళీ.

ఎవరిదో అడగలేదు.
నొక్కాను, రుద్దుకున్నాను, మండింది,
అబూ ముత్లఖ్ నాడి పట్టుకున్నాను.