పగటాల్లకు ఉండదు

"చెప్పులతోనే ఎక్కొచ్చు" అంది ఫర్జానా.
రాత్రంతా కురిసి తెల్లారి తెరిపిచ్చిన ఆదివారం
ఖాజాగూడలో ఆటో దిగితే
ఒకదాని భుజమ్మీద ఒకటి కూర్చున్న బండలు
తలంటు పోసుకుని ఇంకా ఆరలేదు.

సీతాఫలం పొద విదిల్చిన నీళ్లు మెడలోకి.
తడి మేకపెంటికల వాసన.
చున్నీ నడుముకి బిగించి తను ముందు,
మోకాలి మీద చెయ్యేసుకుని నేను వెనక,
కింద క్రేన్ల మోత పలచబడుతూ.

అడవి అనుకుంటే అడవే.
మూడు వేపలు, అడ్డంగా ఉరికిన ముంగిస,
గడ్డిలో ఆరుద్ర పురుగు
ఎవరి జాకెట్టుదో మఖ్మల్ గుండీ ఊడిపడ్డట్టు.

చప్పుడే ముందొచ్చింది.
తర్వాత నీళ్లు,
నా నడుమెత్తు బండ మీంచి
పాలగిన్నె పొంగినంత.
"ఇదేనా?" అన్నాను.
ఫోన్లో చూసినవన్నీ
కొండంతెత్తు నుంచి దూకేవి కదా మరి.

అక్కడే కాళ్లు కడుక్కుంటున్న పిల్లాడు
నొచ్చుకున్నాడు.
"పొద్దుగాల చూడాల్సిండె అక్కా,
మస్తు దునికింది.
పగటాల్లకు ఇది గూడ ఉండది."

చెప్పులు విడిచి
వంగి
ధార కింద తల పెట్టాను.
ఫర్జానా ఏదో అంటోంది, నవ్వుతోంది,
వినపడటం లేదు.
రెండు చెవుల్లోనూ
పెద్ద అడవి.